వెనక సీటు లేని బండి

"దేవా, ఆ బండి పాసింగులో తప్పాలి" అని అమోసు ఆ ఉదయం ప్రార్థన చేశాడు. మోకాళ్ళ మీద కూడా కాదు, పళ్ళు తోముకుంటూ. పక్క గదిలో పెళ్ళాం జ్ఞానాంబ అదే దేవుణ్ణి అదే బండి నెగ్గాలని అడుగుతోంది, అదీ గోడవతల వాళ్ళకి వినబడేట్టు. ఒకే కొంపలోంచి ఇలా రెండు రకాల అర్జీలు వెళ్తే పైనున్నాయన మాత్రం ఏం చేస్తాడు పాపం?

ఒమన్‌లో బండి పాతబడితే ఏటా తనిఖీకి తీసుకెళ్ళాలి. దాన్నే మనవాళ్ళు పాసింగు అంటారు. అందులో నెగ్గితేనే ముల్కియా, అంటే బండి కార్డు, రెన్యువల్ అవుతుంది. "నెగ్గితే ఇంకో ఏడాది మీరు నోరెత్తకూడదు. తప్పితే అమ్మేస్తాను, సరేనా?" అంది జ్ఞానాంబ. అమ్మేస్తే ఆమె మళ్ళీ అమోసు తెల్ల బండిలో, అతని పక్క సీట్లో కూర్చుని డ్యూటీకి వస్తుంది. అమోసుకి కావలసింది అంతే. పైకి మాత్రం డబ్బు దండగ, ప్రాణానికి ముప్పు, చర్చిలో తలవంపులు అని నానా సాకులూ చెప్పేవాడు.

అసలు సంగతి చెప్పుకోవాలి. అమోసు ఒమన్‌లోని ఈ సహం ఊరికి వచ్చింది పెళ్ళాం వీసా మీద. ఆ మాట ఎవరూ అతని మొహాన అనలేదు. అననక్కర్లేకుండానే ఊళ్ళో తెలుగువాళ్ళంతా "జ్ఞానాంబ సిస్టర్ గారి ఆయన" అంటారు. ఆమె సోహార్ ఆసుపత్రిలో సర్జికల్ వార్డు ఇన్‌ఛార్జి. అతను తోటలకి నీటి మోటార్లు, పైపులు అమ్మే కొట్టులో స్టోర్‌కీపరు. కొట్లో అతన్ని ఎవరూ పెద్దగా లెక్కచేయరు. కానీ ఉదయమూ సాయంత్రమూ తెల్ల సెడాన్ స్టీరింగు పట్టుకున్నాడంటే అమోసు మహారాజే. పక్కన జ్ఞానాంబ, వెనక సీట్లో రమణి సిస్టరు, ల్యాబులో పనిచేసే హైదరాబాదు హమీదా, కొత్తగా చేరిన ఫేబా. "అన్నయ్యా, ఏసీ పెంచండి." "అన్నయ్యా, లూలూ మార్కెట్ దగ్గర ఒక్క నిమిషం ఆపండి." "అన్నయ్య లేకపోతే మా గతేంటో!" ఆ చివరి మాట కోసం అమోసు టైర్లలో గాలి కూడా తనే కొట్టించుకునేవాడు. సంవత్సరాల తరబడి ఒక్క రోజు ఆలస్యం చేసిన పాపాన పోలేదు.

అలాంటి మనిషి డ్యూటీ పీకేసింది జ్ఞానాంబ! యాభయ్యోపడి దాటాక, స్త్రీల కూడిక ఉందని చెప్పి చల్లగా వెళ్ళి, నాదియా అనే ఒమానీ ఆవిడ దగ్గర గేర్ల బండి నేర్చుకుంది. ఒక మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ పళ్ళెం పక్కన లైసెన్సు పెట్టింది. అది ఆమె ఫొటోయే. అయినా అమోసు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఇదెందుకే నీకు? నేను చచ్చానా?"

"చావకముందే నేర్చుకోవాలిగా. పప్పు వేసుకోండి."

లైసెన్సుతో ఆగిందా? సోహార్ దారిలో తోటలున్న ఒక ఒమానీ పెద్దాయన తమ్ముడు ఆమె వార్డులో ఆపరేషన్ చేయించుకుని వెళ్ళాడు. ఆ పెద్దాయన కొడుకు కుర్రతనంలో మోజుపడి కొన్న స్పోర్ట్స్ కారు ఒకటి ఖర్జూరపు చెట్ల కింద దుమ్ము కొట్టుకుపోతోంది. ఆ కొడుక్కి ఇప్పుడు ఇంటినిండా పిల్లలు. బండిలో పట్టేది ఇద్దరే. ఒకప్పుడు ఎరుపంట, ఎండకి వెలిసి ఉల్లిపాయ రంగుకొచ్చింది. నేలకి అంగుళం ఎత్తున పడుకునుంది. "ఇది కారా, కాలి చెప్పా?" అన్నాడు అమోసు. జ్ఞానాంబ బండి చుట్టూ తిరుగుతోంది. పెళ్ళిచూపుల్లో కూడా ఆమె అతన్ని అంత ఇదిగా చూడలేదు, ఆ బండిని చూసినట్టు.

సరే, కొనక తప్పదని తేలిపోయాక బేరమైనా తన చేతిమీదుగా జరగాలి కదా! కావా, అంటే అరబ్బీ కాఫీ తాగి, ఖర్జూరాలు తిని, అమోసు గొంతు సవరించుకుని ఇంజను సంగతేంటని అడిగాడు. పెద్దాయన సీట్ల వెనక రేకు మీద అరచేత్తో తట్టి, "మకీనా వసత్" అన్నాడు.

ఆ మాట వినగానే అమోసు మొహం వెలిగిపోయింది. ఎందుకు వెలగదు? వాళ్ళ కొట్లో సెకండ్‌హ్యాండ్ మోటార్లకి మూడే రకాలు: జైన్ అంటే మంచిది, వసత్ అంటే మధ్యరకం, తాబాన్ అంటే అరిగిపోయింది. పొద్దస్తమానం ఆ మూడు మాటల మీదే అతని బతుకు. "చూశావా, ఇంజను మధ్యరకమేనని వాడి నోటితో వాడే ఒప్పుకున్నాడు" అని పెళ్ళాంతో తెలుగులో గుసగుసలాడి, పెద్దాయన వైపు తిరిగి, మకీనా వసత్ అయినప్పుడు ధర కూడా వసత్‌గానే ఉండాలి కదా అని వాదన మొదలెట్టాడు. పెద్దాయనకి ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఆయన జ్ఞానాంబ వంక చూశాడు. జ్ఞానాంబ చేతిలో ఖర్జూరం గింజని తెగ పరీక్షగా చూస్తోంది. చివరికి ఆయన గడ్డం నిమురుకుని, నవ్వి, సిస్టర్ మొహం చూసి ధర తగ్గించేశాడు. మంచి ఫ్రిజ్జు కొనే డబ్బుకి కారొచ్చింది. ఇంత బేరమాడిన తర్వాత రేకెత్తి చూడమనడం మర్యాద కాదని అమోసు లోపల ఏముందో కూడా చూడలేదు.

శుక్రవారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు కొత్త బండికి ప్రార్థన చేశారు. ముందు రేకు మీద చెయ్యి వేసి, ఈ ఇంజనును నీ రెక్కల నీడన కాపాడు తండ్రీ అని కళ్ళు మూసుకుని దీర్ఘంగా ప్రార్థించారు. సంఘమంతా ఆమెన్ అంది. అలక మీదున్న అమోసు పెదాలు కదిపాడు గానీ ఆమెన్ అనలేదు.

అక్కణ్ణుంచి మొదలైంది అతని చెర. జ్ఞానాంబ స్పోర్ట్స్ కారులో ముందు పోతుంది. ఎక్కడ ఆగిపోతుందో అని అమోసు తెల్ల బండిలో ముగ్గురు సిస్టర్లనీ వేసుకుని వెనకాలే పోతాడు. పోనీలే అని తను వదిలేసినా వాళ్ళు వదలరు. "అన్నయ్యా, అక్క సిగ్నల్ వేసింది చూశారా?" "అన్నయ్యా, అక్క మిమ్మల్ని దాటేసిపోయింది!" ఎవడికి కావాలమ్మా మీ వ్యాఖ్యానం? పెళ్ళాం ముందర ఒంటరిగా, తను వెనకాల పరివారంతో. లారీలవాళ్ళు చూసి నవ్వుకుంటున్నట్టుండేది.

ఆగనే ఆగింది ఒక రోజు. హైవే పక్కన ఆవిర్లు చిమ్ముతూ నిలబడిపోయింది. అమోసుకి ఒకపక్క గాభరా, ఇంకోపక్క, దేవుడు క్షమించాలి, కాస్త సంతోషం. తన బండి ఆపి పరుగున వెళ్ళి ముందు రేకెత్తాడు. లోపల ఒక స్టెప్నీ, ఒక జాకీ, ఒక పాత గోనెసంచి. అంతే!

"ఇంజనేదే?" అని కేక పెట్టాడు. "ఒసేయ్ జ్ఞానం, ఇంజనెవడో ఎత్తుకుపోయాడు!"

అప్పటిదాకా నడిచొచ్చిన బండికి ఇంజను లేకపోవడమేంటని అతనికి తోచలేదు. సంచి తీసి చూశాడు. స్టెప్నీ కింద చూశాడు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు బండి చుట్టూ తిరిగాడు. జ్ఞానాంబ రోడ్డు పక్క కంకర మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వుతోంది. కళ్ళంట నీళ్ళు కారుతున్నాయి.

"మకీనా వసత్ అన్నాడు కదండీ ఆయన! ఇంజను మధ్యలో ఉందని! మా వార్డులో రోజూ అడుగుతాం, నొప్పి పక్కనా వసత్‌లోనా అని. మీరేమో మోటార్ల బేరం పెట్టారు."

"మరి అప్పుడే చెప్పి చావొచ్చుగా!"

"చెప్తే ధర తగ్గేదా?"

మొగుణ్ణి కొట్టి మొగసాలకెక్కడమంటే ఇదే. సీట్ల వెనకాల రేకెత్తితే ఇంజను పొగలు కక్కుతూ కూర్చునుంది. వెనక సీటు ఉండాల్సిన చోట, దర్జాగా. అంటే పాస్టరుగారి ప్రార్థనంతా స్టెప్నీకి పోయిందన్నమాట. ఆ సంగతి ఫేబా చర్చి గ్రూపులో పెట్టింది. ఆ తర్వాత ఎన్ని వారాలు గడిచినా అమోసుని చూసి స్టెప్నీ క్షేమమా అని అడగని తెలుగువాడు లేడు. నిజం చెప్పాలంటే ఆ బండిలో ఎన్నడూ ఇబ్బంది పెట్టనిది ఆ స్టెప్నీ ఒక్కటే.

అసలే కోతి, ఆపైన కల్లు తాగింది అన్నట్టు, అసలే ముసలి బండి, ఆపైన సహం ఎండ. రేడియేటరేమో ముందు, ఇంజనేమో వెనక. ఆ రెంటికీ మధ్య నీళ్ళ గొట్టాలు బండి పొడుగునా కింద నుంచి పోతాయి. వాటిలో ఎక్కడో గాలి బుడగ చిక్కుకుంటే నీళ్ళు నిండుగా ఉన్నా ఇంజనుకి అందవు. సనయ్యాలో, అంటే గ్యారేజీలన్నీ ఉండే పేటలో, కమ్రాన్ అనే పాకిస్తానీ మెకానిక్ ఆ గాలి తీయడానికి బండి మూతిని పైకెత్తి, మరలు విప్పి, బిగించి, మళ్ళీ విప్పి, నెత్తి కొట్టుకునేవాడు. "సిస్టర్, యే గాడీ నహీ, ముసీబత్ హై" అని, ఇది బండి కాదు పీడ అని మొత్తుకునేవాడు. అతనికీ ఆ బండి పూర్తిగా అర్థమైందని అమోసు ఏనాడూ నమ్మలేదు. ఒకసారి బాగుచేసి పంపితే హారన్ కొట్టినప్పుడల్లా వైపర్లు తిరిగేవి.

ఇంజను వెనకాలున్న బుల్లి డిక్కీ సంగతి ఇంకో కథ. సహం చేపల బజారులో కొన్న వంజరం ముక్కలు అందులో పెట్టి ఇంటికి తెస్తే సగం ఉడికున్నాయి. "పొయ్యి ఖర్చు తగ్గింది" అంది జ్ఞానాంబ. ఆ నవ్వు చూస్తే అమోసుకి ఒళ్ళు మండిపోయేది. ఇక చీర కట్టుకుని ఆమె అందులోంచి దిగడం దిగడం కాదు, గోతిలోంచి పైకి రావడం. చర్చి ముందు అందరూ చూస్తుండగా చెయ్యిచ్చి లాగవలసింది ఎవరు? ఈయనే!

ఎన్నిసార్లు అడిగాడో. ఎందుకే నీకీ కొరివి? కావాలంటే నా బండి నువ్వే నడుపు, నేను పక్కన కూర్చుంటాను. ఆమె ప్రతిసారీ తలడ్డంగా ఊపేది. "నాకీ బండే కావాలండీ" అనేది. బండిది ఏముంది, తన పక్కన కూర్చోవడమే ఆమెకి ఇష్టం లేదేమో. ఇన్నేళ్ళ కాపురం తర్వాత ఇదా మిగిలింది? పిల్లలు చదువులకని ఇండియా వెళ్ళిపోయిన ఇంట్లో, షిఫ్టుల మధ్య, ఇద్దరూ ఒకచోట కూర్చునేది ఆ తెల్ల బండిలోనే కదా, అదీ పోయిందే అని అతనికి నిజంగా ఏడుపొచ్చేది. ఏడవడం చేతకాక కసిరేవాడు.

ఇదీ వెనకటి కథ. పాసింగు రోజు అమోసు కొట్టుకి సెలవు పెట్టి మరీ పక్క సీట్లో ఎక్కాడు. అది తప్పడం కళ్ళారా చూడాలి కదా! ఎక్కడం అంటే ముందు నడుం వంచి, తర్వాత కాలు పెట్టి, తర్వాత దేవుణ్ణి తలుచుకుని కూలబడడం.

తనిఖీ దగ్గర బండ్లు బారులు తీరి ఉన్నాయి. ఎండ నిప్పులు చెరుగుతోంది. నిలబడ్డ చోటే ఇంజను వేడెక్కసాగింది. వేడి చూపించే ముల్లు మెల్లగా పైకి పాకుతుంటే జ్ఞానాంబ పెదాలు కొరుక్కుంటోంది, అమోసు లోలోపల పాకవే తల్లీ పాకు అంటున్నాడు. అంతటితో ఊరుకున్నాడా, రమణి సిస్టరుకి ఫోన్లో మెసేజు కూడా కొట్టాడు: రేపట్నించి అక్క మన బండిలోనే వస్తుంది.

వాళ్ళ వంతు వచ్చింది. తనిఖీ చేసే కుర్రాడు ముందు రేకెత్తి, స్టెప్నీని చూసి, నవ్వి వెనక్కి నడిచాడు. వెనక రేకెత్తేసరికి బుస్సుమని ఆవిరి. కింద నీళ్ళు ధారకట్టాయి. కుర్రాడు మర్యాదగానే చెప్పాడు, గొట్టం కారుతోందమ్మా, బాగుచేయించి మళ్ళీ తీసుకురండి అని. జ్ఞానాంబ షుక్రన్ చెప్పి బండిని పక్కకి పెట్టింది. చల్లారాక సీసాల్లో తెచ్చుకున్న నీళ్ళన్నీ పోసింది.

తిరుగుదారిలో ఏసీ ఆపేసి, హీటరు పూర్తిగా తిప్పింది.

"ఏంటే ఇది! ఈ ఎండలో హీటరా?"

"ఇంజను వేడి ఇటు లాగితేనే అది బతుకుద్ది. కమ్రాన్ చెప్పాడు. ఇల్లు చేరేదాకా ఓర్చుకోండి."

కిటికీలు దించినా లోపల ఆవం లాగుంది. ఇద్దరూ చెమటతో తడిసి ముద్దయ్యారు. ఆమె ముక్కు మీంచి చెమట బొట్లు స్టీరింగు మీద పడుతున్నాయి. అమోసు గెలిచాడు. గెలిచినవాడిలా లేడు. ఆమె మొహం చూస్తే గెలుపు గొంతు దిగడం లేదు.

"మీ మాటే నెగ్గింది. శనివారం ఎవరికైనా ఇచ్చేద్దాం" అంది జ్ఞానాంబ.

ఎగిరి గంతేయాల్సింది. కానీ ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్నది నోట్లోంచి వచ్చేసింది. "నా బండిలో నీకేం తక్కువైందే? చెప్పు. ఇప్పుడైనా చెప్పు."

ఆమె రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "తక్కువేం కాలేదండీ. జనం ఎక్కువయ్యారు."

"ఎవరు, సిస్టర్లా? వాళ్ళేం చేశారు పాపం?"

"వాళ్ళేం చెయ్యలేదు. మంచివాళ్ళు." గేరు మార్చి అంది, "చిన్నవ్వ పోయిన రోజు మీకు గుర్తుందా?"

చిన్నవ్వ జ్ఞానాంబకి తల్లి పోయాక తల్లయిన మనిషి. ఎత్తుకుని పెంచింది, నర్సింగులో చేర్చింది. అమోసుకి గుర్తుంది. గుర్తుందనుకున్నాడు.

"నైట్ డ్యూటీలో ఉండగా ఫోనొచ్చింది. డ్రెస్సింగులన్నీ అయ్యాక బయటికొచ్చాను. మీ బండి కనపడగానే, హమ్మయ్య, ఆయనకి చెప్పుకుంటాను అనుకున్నాను. ఎక్కాను. వెనక రమణి బంగారు గాజుల మోడల్ చూపిస్తోంది. హమీదా ఏదో చెప్తే మీరు పగలబడి నవ్వుతున్నారు. జ్ఞానం, నువ్వేంటి మాట్లాడవు అన్నారు. తలనొప్పి అన్నాను. ఇంటికొచ్చాక మీరు కొట్టుకి టైమైపోయిందని గుమ్మంలో చెప్పులేసుకుంటుంటే చెప్పాను, చిన్నవ్వ పోయిందండీ అని."

"నేను..." అన్నాడు అమోసు.

"అయ్యో అన్నారు. సాయంత్రం మాట్లాడదాం అన్నారు. సాయంత్రం నన్ను తీసుకెళ్ళేటప్పుడు వెనక మళ్ళీ ముగ్గురూ ఉన్నారు."

హీటరు హోరుమంటోంది. అలా ఎన్ని ఉన్నాయో, ఎన్ని కబుర్లు అతని పక్క సీటు దాకా వచ్చి వెనక్కి మళ్ళిపోయాయో. మహారాజులా స్టీరింగు పట్టుకుని అందరికీ అన్నయ్య అయ్యాడు. ఒక్కదానికి మొగుడు కాలేకపోయాడు. సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి.

"వాళ్ళని రావద్దని ఎలా అంటాను?" అంది ఆమె. "మీకేమో వాళ్ళుంటే హుషారు. అందుకే, వెనక సీటే లేని బండి కనబడితే కొనేశాను. మిమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకుని నడుపుదామని. మీరేమో ఒక్కరోజూ ఎక్కలేదు. వాళ్ళని వేసుకుని వెనకాలొచ్చారు."

జేబులో ఫోను మోగింది. రమణి. మెసేజు చూసినట్టుంది. అమోసు ఫోను కట్ చేశాడు. మళ్ళీ మోగింది. ఈసారి ఆపేసి జేబులో పెట్టుకున్నాడు. సిస్టర్ల కోసం ఆసుపత్రి బస్సు ఒకటి ఉంది, సహం మీదుగానే పోతుంది, ఆ సంగతి అతనికి మొదట్నించీ తెలుసు.

"చెప్పు" అన్నాడు.

"ఏం చెప్పను?"

"చిన్నవ్వ సంగతి. ఆ రోజు నాకు చెప్పుకుందామనుకున్నది."

జ్ఞానాంబ చున్నీ అంచుతో మొహం తుడుచుకుంది. అది చెమటో మరోటో అమోసు అడగలేదు. "చిన్నవ్వకి చెరుకు రసమంటే పిచ్చి" అని మొదలెట్టింది. అప్పటికి సహం రౌండెబౌట్ వచ్చేసింది, వాళ్ళ వీధి మలుపు కనబడుతోంది.

"ఇల్లొచ్చేసింది" అంది.

"ఇంకో చుట్టు తిప్పు."

"ఇంజను వేడెక్కుద్దండీ."

"ఎక్కనీ" అన్నాడు అమోసు. "చెరుకు రసమంటే పిచ్చి. ఆ తర్వాత?"